చూస్కో అనకుండా వెళ్లిన డిఫెండర్

మా కింది వాటాలో ఉండే కోచ్ సార్ పోయారని బిల్డింగు చూసుకునే హౌస్‌మైస్టర్ చెప్పాడు. పాత అట్టపెట్టెలు పడేయడానికి దిగితే, చెత్తడబ్బాల దగ్గర, మాస్కు సర్దుకుంటూ చెప్పాడు. స్పెయిన్‌లోనా అని అడిగాను. కాదు, ఇక్కడే, స్టుట్‌గార్ట్‌ ఆస్పత్రిలో అన్నాడు. జబ్బు సంగతి అతనికి ఎండాకాలం నుంచే తెలుసట. పైవాళ్లకు చెప్పొద్దని సారే మాట తీసుకున్నారట.

పైవాళ్లంటే మేమే. ఒళ్లు మండిపోయింది. చెల్లెలి దగ్గరికి స్పెయిన్ వెళ్తున్నానంటే నమ్మి, ఆయన పెట్టె మోసుకెళ్లి ఎస్-బాన్ రైలు ఎక్కించింది నేనే.

సార్ ఒకప్పుడు స్పెయిన్‌లో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ డిఫెండర్. "కెరీర్ మొత్తంలో ఒకే గోల్ కొట్టాను, అదీ మా గోల్‌లోకే" అని తానే చెప్పి నవ్వేవారు. చిన్నప్పటి నుంచీ ఆడిన సొంతూరి క్లబ్బు ఓ వేసవిలో ఆయన్ని జర్మనీకి అమ్మేసింది. ఆ ముక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు. ప్రాక్టీసుకు వెళ్తే ఆయన కొక్కేనికి ఇంకొకరి చొక్కా వేలాడుతోందట. ఇది చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవారు కాదు.

"అమ్మితే అమ్మారు. నా మొహం చూసి చెప్పాల్సింది" అనేవారు.

మోకాలు పోయేదాకా ఆడి ఇక్కడే ఉండిపోయారు. మా తెలుగువాళ్ల ఆదివారం జట్టుకు తనంతట తానే కోచ్ అయ్యారు. మేమంతా క్రికెట్ బాపతు. బంతి గాల్లోకి లేస్తే క్యాచ్ పట్టడానికి చేతులు చాచేవాళ్లం, ఆయన తల పట్టుకునేవారు. గట్టిగా నేర్పింది ఒక్కటే. డిఫెండర్ తన చోటు వదిలి ముందుకు పోవచ్చు, కానీ పక్కవాడికి అరిచి చెప్పి పోవాలి. ఏమని అరవాలి? మా ఇంటికి టీకి వచ్చినప్పుడు, మా ఆవిడ పొయ్యిమీద పాలు నాకు అప్పజెప్పి "చూస్కో" అనడం విని, ఆ మాటే ఖాయం చేశారు. ఆయన నోట అది "సూస్కో" అయ్యేది. అరవకుండా వెళ్లినవాడిని ఆట మధ్యలోనే పిలిచి కంచె పక్కన కూర్చోబెట్టేవారు.

లాక్‌డౌన్‌లో మైదానానికి తాళం పడితే, తన వంటింటి కిటికీలో నిలబడి నన్ను పెరట్లో అడ్డడుగులు వేయించారు. ఎదుటివాడి కళ్లు అబద్ధమాడతాయి, నడుం ఆడదు, నడుమే చూడు అనేవారు. స్టేషన్లో నేను ఆయన కళ్లే చూశాను మరి. మాస్కు పైన కనబడేవి అవే.

"మనకు చెప్తే ఊకుంటమా? రోజూ ఆస్పత్రి గేటు కాడ నిలబడుదుము. లోపలికా రానియ్యరు. అది సార్ చూడలేకపోయిండేమో" అని మా ఆవిడ సర్దిచెప్పింది.

కావచ్చు. నా మనసు ఒప్పుకోదు. కొక్కేనికి పరాయి చొక్కా చూసిన మనిషే ఇలా చేస్తే ఎవరితో చెప్పుకోవాలి? హౌస్‌మైస్టర్‌కు చెప్పగలిగిన మాట నాకు చెప్పలేకపోయారా? ఆయన నేర్పిందే ఇప్పటికీ నా ఆటకు ఆధారం. ఎంత రుణపడ్డానో తెలుసు కాబట్టే ఈ కోపం.

మైదానం తాళం తీశాక మొదటి ఆదివారం ఆడాం. బంతి నా ముందుకొచ్చింది. చోటు వదిలి కదిలాను. మాట గొంతుదాకా వచ్చింది. పంతం కొద్దీ అరవలేదు. నేను వదిలిన ఖాళీలోంచే వాళ్లొచ్చి గోల్ కొట్టారు.

నేనే వెళ్లి కంచె పక్కన కూర్చున్నాను.