బెర్లిన్‌లో బీరువా తోసి వచ్చాను

జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్లో మా హోటల్లో నేను వంటవాణ్ణి, కారిస్ సర్వర్. వేల్స్ దేశపు పిల్ల. ఇంగ్లిష్ పిల్ల అన్నామంటే నీళ్ల గ్లాసు బల్ల మీద కొట్టినట్టు పెట్టేది. అసలు వృత్తి నటన అనేది. అప్పటికి ఆమె నటజీవితమంతా కలిపి టీవీ సీరియళ్లలో రెండుసార్లు శవం, దగ్గుమందు ప్రకటనలో ఒక దగ్గు. శవం వేషంలో జీవించేసిందని మా ఓనరు మెచ్చుకున్నాడు.

అలాంటి కారిస్‌కి బెర్లిన్‌లో ఇంగ్లిషు నాటకాలు వేసే చిన్న థియేటర్లో పనిమనిషి వేషం దొరికింది. ఒకటే డైలాగు: "టీ తెచ్చానమ్మా." మొదటి ఆటలో నచ్చితే వేసవిదాకా ఉంచుకుంటారు. లేకపోతే సామాను సర్దుకుని వేల్స్ వెళ్లిపోవడమే.

"అన్నా, నువ్వు రావాలి. పులిహోర తేవాలి," అంది. రెంటిలో ఏది ముఖ్యమో నాకు అర్థమైంది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి బండెక్కాను. జర్మనీ రైళ్లు గడియారంతో పోటీ పడతాయంటారు. నిజమే, గెలిచేది గడియారం. వెళ్లేవాళ్లు సీటు రిజర్వ్ చేయించుకోండి, లేదంటే నాలాగా టాయిలెట్ తలుపుకి కాపలా కాస్తారు. పక్కన నిలబడ్డ పెద్దావిడ డబ్బాలోంచి వస్తున్న ఇంగువ వాసనకి ముక్కు ఎగబీల్చి, "ఇది మందా?" అంది.

"అవునండీ, ఆకలికి."

బెర్లిన్ స్టేషన్లో మా బావమరిది రాకేష్ ఉన్నాడు. మాస్టర్స్ చేస్తున్నాడు, అనగా అద్దెకి గది వెతుకుతున్నాడు.

"ఏంది బావా, రెండు గంటలు లేటా?"

"నేను కాదురా, దేశం."

ఏడింటికి థియేటర్ చేరాం. కారిస్ మమ్మల్ని వెనక తలుపులోంచి స్టేజీ పక్కకి తీసుకెళ్లింది. పులిహోర ఆట అయ్యాక తింటానని డబ్బా నాకే తిరిగిచ్చింది. స్టేజీ మీద ఆమె రావలసిన తలుపు. నా పక్కన చక్రాల బీరువా, రెండో అంకంలోదట. ఇంతలో ఒక జర్మన్ ముసలాయన వచ్చి, ఆమె భుజం మీదుగా ఉమ్మినట్టు చేసి, "తోయ్, తోయ్, తోయ్!" అన్నాడు.

పరాయి దేశంలో అంత చక్కటి తెలుగు విన్నాక ఆగుతానా? తోశాను. బీరువా దొర్లుకుంటూ పోయి సరిగ్గా ఆ తలుపుకి అడ్డంగా నిలబడింది. తెర లేచింది.

రాకేష్ తల పట్టుకున్నాడు. "తోయమనుడు గాదు బావా! నాటకమోళ్లు మంచి జరగాలని గట్లంటరు. దానికి థాంక్స్ గూడ చెప్పొద్దట, శకునం చెడ్తదట."

"ఇప్పుడు థాంక్స్ ఎవరు చెప్తార్రా?"

కారిస్ చూసిన చూపుకి డబ్బాలో పులిహోర పాచిపోవాలి. ట్రే అందుకుని సెట్టు వెనక్కి పోయింది.

స్టేజీ మీద యజమానురాలు టీ కోసం గంట కొట్టింది. ఎవరూ రాలేదు. మళ్లీ కొట్టింది. అప్పుడు బీరువా తలుపు తెరుచుకుంది. నాటకాల బీరువాకి వెనక చెక్క ఉండదు మరి. కారిస్ లోంచి దిగి, మొహంలో గీత కూడా కదలకుండా, "టీ తెచ్చానమ్మా," అంది. ట్రే పెట్టి, మళ్లీ బీరువాలోకే ఎక్కి లోపల్నుంచి తలుపేసుకుంది. హాలు హాలంతా పొట్ట పట్టుకుంది. డైరెక్టరు ఒక్కడే నవ్వలేదు. ఆట అవగానే కోటు తగిలించుకుని వెళ్లిపోయాడు.

రాకేష్ స్నేహితుల గదిలో చాప మీద పడుకుని, ఆదివారం తిరుగు బండెక్కాను. పొలాల మధ్య అది ఎందుకో ఆగిపోయింది. దీన్ని తోసేవాడు ఎవడూ కనబడలేదు. బెర్లిన్ మంచి ఊరే, చెవిన పడ్డదల్లా తెలుగనుకోకపోతే చాలు అనుకుంటుండగా ఫోన్ మోగింది. కారిస్ మెసేజ్.

"అన్నా, వేసవిదాకా ఉంచుకున్నారు. బీరువాని కూడా."

కింద థాంక్స్ అని మాత్రం పెట్టలేదు. ఈ ప్రయాణంలో నాకు దక్కిన పెద్ద మర్యాద అదే.