కడప విమానం, బెంజ్ సర్కిల్ ఆటో

ఎక్కేవాళ్లు చాలలేదని కడప వెళ్లే చిన్న విమానాన్ని గంట ముందు విజయవాడలో రద్దు చేశారు. తెల్లారితే కడపలో అమ్మకు ఆపరేషన్.

"రిఫండ్ వస్తుంది మేడమ్," అన్నాడు కౌంటర్‌లో మనిషి, ఫోన్ చూసుకుంటూ. ఒళ్లు మండిపోయింది. రిఫండ్ ఎక్కి కడప వెళ్లాలా?

బస్సు అందుకుందామని బెంజ్ సర్కిల్ షేర్ ఆటో ఎక్కాను. ముగ్గురమే ఉన్నాం. సగం దారిలో డ్రైవర్ ఆటో ఆపి మమ్మల్ని దిగమన్నాడు.

"జనం లేరని మీరూ దింపేస్తున్నారా?" గట్టిగానే అడిగాను.

"దింపేస్తే ఎట్టాగండీ? ఎక్కించుకున్నాక చేర్చాలి గదా," అంటూ నా బ్యాగు ముందున్న ఆటోలో పెట్టి, ముందే తీసుకున్న మా ముగ్గురి కిరాయి ఆ డ్రైవర్ చేతికిచ్చాడు.

"మా ఊరి ఆటోలోళ్లందరి పద్ధతీ ఇదేనండీ," అంది పక్కావిడ.

అమ్మను ఆపరేషన్‌కు తీసుకెళ్లకముందే కడప చేరాను. రిఫండ్ ఇంకా రాలేదు.