గుర్రపు వెంట్రుకల ఉచ్చు

దసరా వెళ్ళాక మా ఊరి చింతచెట్ల కింద ఒక వాసన మొదలవుతుంది. పచ్చి చేప, నానిన ఆకు, కొమ్మల నుంచి కారి నేలకి సున్నం కొట్టినట్టు పరుచుకునే రెట్ట, మూడూ ఎండకి మాగిన వాసన. పక్షుల్ని చూడ్డానికి వచ్చినవాళ్ళు బస్సు దిగుతూనే ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళని చెట్ల కింద తిప్పి, ఏ గూట్లో ఎన్ని పిల్లలున్నాయో చూపించే పని నాది. ఇవన్నీ ఎక్కడ చదువుకున్నారని ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అయిదో తరగతి దాటని నేను చాలాకాలం నవ్వి ఊరుకున్నాను. అరవై దాటాక, ఉన్నదున్నట్టు చెప్పాలనిపిస్తోంది.

అరవైల చివర్లో నాకు తొమ్మిదేళ్ళు. టెక్కలికి తూర్పుగా, సముద్రం ఇంకా కనిపించకుండానే దాని ఉప్పుగాలి తగిలే చోట మా ఊరు. ఊరు దాటితే తంపర, అంటే వానాకాలం మోకాలి లోతు నీళ్ళు నిలిచి, ఎండాకాలం పగుళ్ళిచ్చే బురదనేల. వినాయక చవితి వెళ్ళి, వరిచేలు పచ్చగా లేచి, మేము అరుగుల మీద చింతపిక్కలాడుకునే రోజుల్లో రంగుకొంగలు వచ్చేవి, వాటి వెనక గూడబాతులు. ఎండలు ముదిరేదాకా మా చింతచెట్ల మీదే గూళ్ళు కట్టి, పిల్లల్ని లేపుకుని పోయేవి. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలని వాటిని అనేవారు. అవి వాలిన చెట్టుకి ఎవరూ చింతపండు దులిపేవారు కాదు, పిల్లలు రాయి విసిరితే పెద్దవాళ్ళు చెవి మెలేసేవారు.

మా అయ్య సింహాచలానికి అరెకరం పొలం, అది చాలనప్పుడు ఉచ్చులు. టెక్కలిలో జట్కా గుర్రాల తోక వెంట్రుకలు అడిగి తెచ్చి, మూడేసి వెంట్రుకలు తొడమీద పెట్టి పేని, ముడి వేసి, వెదురు పుల్లలకి కట్టి తంపర బురదలో గుచ్చేవాడు. ఉల్లంకి పిట్టలూ నీటికోళ్ళూ పడేవి. కొన్ని సంతకి పోయేవి, కొన్ని మా కూరకుండలోకి వచ్చేవి. చెట్టు మీది పిట్ట జోలికి మాత్రం ఏనాడూ పోలేదు. పిట్ట వాలిన బురద చూసి అది ఎటు మొహం పెట్టి నిలబడిందో, ఎంతసేపయిందో చెప్పేవాడు. ఆయన ఉచ్చులు పేనుతుంటే నేను పక్కన కూర్చుని ఆ వేళ్ళనే చూసేదాన్ని. ఆడపిల్లకి ఇదెందుకని అమ్మ కసిరినా కదిలేదాన్ని కాదు.

ఒక ఫాల్గుణంలో, అయ్య చేత మెప్పు పొందాలని, ఆరు వెంట్రుకలతో గట్టిగా పేని, చెట్లకి దగ్గర్లో ఎండుతున్న మడుగు పక్కన నేనే ఒక ఉచ్చు కట్టాను. మర్నాడు పొద్దున్న అందులో అప్పుడప్పుడే ఎగరడం నేర్చిన రంగుకొంగ పిల్ల పడి ఉంది. గింజుకుని గింజుకుని దాని కాలు విరిగిపోయింది. నేను ఏడుస్తూ వెళ్ళి అయ్యని పిలుచుకొచ్చాను. ఆయన తిట్టలేదు. ఉచ్చు కోసి, దాన్ని పంచెలో చుట్టి ఇంటికి తెచ్చి, రెండు రోజులు చిన్న చేపలు నోటికి అందించాడు. అది మింగలేదు. మూడోనాడు తెల్లారకట్ట పొలం గట్టు కింద పాతిపెట్టి వచ్చి, "ఎవలికీ సెప్పకు" అన్నాడు. అంతే.

ఆ ఏడు ఆషాఢం ఎండగానే పోయింది. శ్రావణంలో నాలుగు చినుకులు పడ్డాయి. వినాయక చవితి వెళ్ళింది, దసరా వెళ్ళింది, చెట్లు ఖాళీగా ఉన్నాయి. నారుమళ్ళు ఎర్రబారాయి. ముసలివాళ్ళు పొద్దున్నే లేచి ముందు చెట్ల పైకి, తరవాత ఆకాశంకేసి చూసేవారు. నాకు అన్నం సహించేది కాదు. నా మూలంగానే అవి రాలేదని నాకు తెలుసు, చెప్పడానికే నోరు రాలేదు.

అయ్య ఏదో పాతిపెడుతుండగా ఎవరో చూశారట. మాట ఊరిపెద్ద అప్పలసూరి తాత దాకా వెళ్ళింది. ఒక సాయంత్రం అయ్యని రచ్చబండకి పిలిపించారు. నేను అమ్మ కొంగు వదిలి వెనకే వెళ్ళాను.

"గట్టు కింద పిట్టని పాతినావంట. నిజమేనేటి?" అన్నాడు తాత.

"నిజమే మావా."

"సెట్టు మీద పిట్టేనా?"

"సెట్టు మీద పిట్టే."

ఎందుకు చేశావని అడిగితే అయ్య తల వంచుకున్నాడు. ఆడపిల్లల ఉసురు పోసుకున్నవాడు ఊళ్ళో ఉండకూడదని ఒకరన్నారు, పెళ్ళాం బిడ్డల్ని తీసుకుని అత్తారింటికి పొమ్మని ఇంకొకరన్నారు. నేను జనం కాళ్ళ మధ్య నుంచి దూరి వెళ్ళి తాత ముందు నిలబడ్డాను.

"ఆ ఉచ్చు నాను కట్టినాను తాతా. మాయయ్య కాదు."

తాత నా వైపు వంగాడు. "ఎవలు నేర్పినారే నీకు?"

నేను జవాబు చెప్పేలోగా అయ్య అందుకున్నాడు. "నా సేతులు సూసి నేర్సింది మావా. తప్పు నాదే."

తాత కర్రతో నేలమీద గీతలు గీసుకుంటూ కూర్చుని, చివరికి అన్నాడు. "పిట్టల దారి నీకు తెలిసినట్టు ఈ ఊర్ల ఇంకెవలికీ తెల్దు. నీ గుంటని కూడా తీసుకెల్లు. అవి ఎక్కడున్నాయో, ఎందుకు రానేదో సూసి రా. ఉండడం, పోవడం తరవాత మాటాడుదాం."

సొరబుర్రలో రాగులు కాచిన చోడంబలి, మూటలో ఎండు నెత్తళ్ళ చేపలు పట్టుకుని ఇద్దరం బయల్దేరాం. ఉచ్చులు లేకుండా అయ్య తంపరలోకి దిగడం నేను చూసింది అదే మొదటిసారి. రెండు రోజులు రెట్ట ఆనవాళ్ళూ రాలిన ఈకలూ పట్టుకుని నడిచాం. మూడోనాడు, వాగు సముద్రంలో కలిసే చోట, ఎండుతున్న మడుగు నడుమ బురదలో నలభై దాకా రంగుకొంగలు నిలబడి ఉన్నాయి. నేను అరవబోతే అయ్య నా నోరు మూశాడు. తుప్పల చాటున మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి చూపించాడు.

"సూడు, ఒక్కదాని నోట్లో గూటి పుల్ల నేదు. పొద్దున్నుంచి నిలబడి ఇది రెండు సేపలు తిన్నాది. పిల్లలు పుడితే ఏటి పెడతాది? నీరొస్తే సేప వస్తాది, సేపొస్తే ఇవొస్తాయి."

"నా మీద కోపం కాదేటయ్యా?"

"పిట్టకి కోపం ఉండదే అమ్మీ. ఆకలుంటాది."

ఆ మాట విని, ఎనిమిది నెలల్లో మొదటిసారి బెంగ లేకుండా, తుప్పల చాటునే నిద్రపోయాను. ఆయన నన్ను భుజానేసుకుని సగం దారి నడిచాడని తరవాత అమ్మ చెప్పింది.

తిరిగొచ్చి అయ్య చూసింది చూసినట్టు చెప్పాడు. తాత తలూపాడు గాని, నమ్మినవాళ్ళు తక్కువ. దీపావళికి ముందు తుఫాను పట్టి నాలుగు రోజులు కురిసింది. తంపర నిండింది. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి, చలిమిడీ చిమ్మిలీ పెట్టిన ఆకు చేత్తో పట్టుకుని వస్తుంటే నేలమీద నీడలు కదిలాయి. తలెత్తితే రంగుకొంగలు, వరసల మీద వరసలుగా, తోకల దగ్గర ఆ గులాబీ రంగు ఎండకి మెరుస్తూ చెట్ల మీదికి దిగుతున్నాయి. ఆ సాయంత్రం అప్పలసూరి తాత మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. ఊళ్ళో ఉండడం గురించీ పోవడం గురించీ ఏమీ మాట్లాడలేదు. "నీ కూతురు నాకు సిమ్మిలి పెట్టదేటి?" అన్నాడు.

ఆనాటితో అయ్య ఉచ్చులు మానేశాడని చెబితే బాగుంటుంది గాని, మానలేదు. ఇంట్లో నోళ్ళున్నాయి. ఆ మరుసటి ఏడు శ్రీకాకుళం కాలేజీ మాస్టారొకాయన మెడలో దుర్భిణీ వేసుకుని ఊళ్ళో దిగితే, పిట్టల సంగతి సింహాచలాన్ని అడగమని తాత మా ఇంటికే పంపాడు. అయ్య ఆయన్ని రెండు రోజులు తంపరంతా తిప్పాడు. ఇంత ఎలా తెలుసుకున్నావని మాస్టారు అడిగితే, "పట్టి అమ్ముకున్నోడిని బాబూ, తెలీక సస్తాదా" అన్నాడు. మాస్టారు మొహం ముడుచుకోలేదు. పుస్తకంలో రాసుకుని, దుర్భిణీ తీసి నా మెడలో వేశాడు. గూట్లో తల్లికొంగ పిల్ల నోట్లోకి చేప వదులుతుండడం చెయ్యి చాపితే అందేటంత దగ్గరగా కనిపించింది. నా కంట్లో నీళ్ళు నిండి అద్దం మసకబారింది. తరవాత ఆయన స్నేహితులొచ్చారు, వాళ్ళ విద్యార్థులొచ్చారు. ఏడాదికేడాది అయ్య బురదలో గుచ్చే పుల్లలు తగ్గి, చివరికి అవన్నీ మా చిక్కుడుపాదుకి పందిరయ్యాయి.

ఇప్పుడు అయ్య లేడు, తాత లేడు. టెక్కలి వీధుల్లో జట్కాలు లేవు, ఉల్లంకి పిట్టల సంతా లేదు. చింతచెట్లు సగం పడిపోయాయి, మిగిలినవి ముసలివయ్యాయి. తంపరలో చాలాభాగం రొయ్యల చెరువులైంది. ఆ చెరువుల మీద కొంగలు వాలకుండా డబ్బాలు వాయించి, టపాకాయలు పేల్చి తోలే పని మూడేళ్ళు చేసిన లక్ష్మి నిరుడు నాతో పక్షుల్ని చూపించే పనికి వచ్చింది. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడింది. నేను నా ఉచ్చు సంగతి చెప్పాను.

మొన్న విశాఖపట్నం నుంచి వచ్చిన గుంపు చెట్ల కిందికి చేరేలోపే, పైన గద్ద తిరగడంతో కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఇంతదూరం వచ్చింది ఖాళీ కొమ్మలు చూడ్డానికా అని వాళ్ళు ఉసూరుమన్నారు. లక్ష్మి నా వైపు చూడకుండానే ముందుకెళ్ళి నిలబడింది.

"కంగారు పడకండి బాబూ. మూడేళ్ళు తోలినాను వీటిని, ఎంత తోలినా ఎటు నుంచి తిరిగొస్తాయో నాకు తెలుసు. అలగ తూరుపు సూడండి."

అందరూ తూర్పుకి తిరిగారు. నేనూ తిరిగాను.