మొదటి వరుసలో జై తెలంగాణ

ఉద్యమం రోజుల్లో సిద్దిపేటలో జై తెలంగాణ అని రాయని వస్తువు దొరికేది కాదు. బండి నంబరు ప్లేటు మీద, హోటల్ అద్దం మీద, మంగలి షాపు కుర్చీ వెనక. అలాంటప్పుడు మా షాపులో తయారయ్యే వెబ్‌సైటు మాత్రం బోసిగా ఉండటం నాకు నచ్చలేదు.

అది ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ అడ్మిషన్ల సైటు. షాపు నాది. ప్రోగ్రాం రాసేది గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ కిరాయికి ఉంటున్న ఒకతను. పేజీలన్నీ ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెల్లా కట్టాడు: బయట పెద్ద చట్రం, దానిలో చిన్న చట్రం, అందులో దరఖాస్తు. అతను భోజనానికి పోయినప్పుడు నేను బయటి చట్రం తెరిచి, అతను రాసిన వాటన్నిటికీ పైన, మొట్టమొదటి వరుసలో నినాదం పెట్టేశాను. ఉద్యమం కన్నా పైన ఏదీ ఉండకూడదని నా లెక్క.

మా కంప్యూటర్లో బాగానే నడిచింది. కాలేజీ సర్వర్ మీదికి ఎక్కించాక తమాషా మొదలైంది. దౌల్తాబాద్ నుంచి వచ్చిన అమ్మాయి లాగిన్ అయితే పేరు పెట్టి స్వాగతం చెప్పేది. దరఖాస్తు పేజీకి పోగానే మళ్లీ లాగిన్ అవ్వమనేది. గుర్తింపు కోసం రోడ్డెక్కిన ఊళ్లో, మా సైటు ఒక్క పేజీ దాటితే మనిషిని గుర్తుపట్టేది కాదు.

కాలేజీ కరస్పాండెంట్ షాపుకే వచ్చాడు. "ఏందన్నా గిది? పోరగాండ్లు పేరు కొట్టి కొట్టి పరేషాన్ అయితున్రు."

"పైన నినాదం ఉంది కదండీ," అన్నాడు గుంటూరతను. "సర్వర్ మనిషిని గుర్తుపెట్టుకునే లైను దాని కింద ఉంది. ఆ లైను కన్నా ముందు ఒక్క అక్షరం బయటికి వెళ్లినా గుర్తు నిలవదండీ."

"ఆహా! గింత పెద్ద సైటుల నీ కండ్లకు జై తెలంగాణనే అడ్డమొచ్చిందా?"

"తియ్యక్కర్లేదండీ. ఒక్క లైను కిందికి దించితే చాలు."

"కిందికి దించుతవా? యాబై ఏండ్ల సంది గదే కదా మీ పని!" కరస్పాండెంట్ నావైపు తిరిగాడు. "ఈయన ఉంటే నాకు నీ సైటే వద్దు. నువ్వేమంటవన్నా?"

గుంటూరతను చెప్పింది నిజమని నాకు తెలుస్తూనే ఉంది. కానీ పక్క సందులోనే దీక్షా శిబిరం. పొద్దున ఇడ్లీ తిని కూర్చుని, సాయంత్రం నిమ్మరసంతో లేచే మా రిలే దీక్షలో నాకూ ఒక కుర్చీ ఉంది. "కావాలనే చేసినట్టున్నడు," అన్నాను.

అతను నన్నే చూశాడు. ఆ వరుస ఎవరు రాశారో అతనికి తెలుసు. "వస్తానండీ," అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు నినాదాన్ని ఒక్క లైను కిందికి దించాను. తెరమీద అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పేర్లన్నీ నిలిచాయి. కుట్ర కనిపెట్టినందుకు శిబిరంలో నాకు శాలువా కప్పారు. సైటు అడుగున రూపకల్పన అని ఉన్నచోట అతని పేరు తీసేసి నాది పెట్టుకున్నాను.

రాష్ట్రం వచ్చిన చాన్నాళ్లకు అతనికి ఫోన్ చేశాను. తిడతాడనుకున్నాను. "ఆ వరుస చివరికి ఎక్కడ పెట్టారండీ?" అన్నాడు.

"నువ్వు చెప్పిన కాడనే."

"కరస్పాండెంట్ గారికి చెప్పారా మరి?"

సిగ్నల్ సరిగ్గా లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.