ఎర్రోడి మీద ఎక్కిన దొన్ను

నా బుర్ర తక్కువతనం వల్ల పట్టపగలు ఒక సంత సంతంతా హడలిపోయిన కథ ఇది. ముందే చెబుతున్నాను, ఇందులో దెయ్యం ఉంది. అదెవరో చివర్లో మీకే తెలుస్తుంది. నాకూ చివర్లోనే తెలిసింది.

నాది సాలూరు. అరకు కొండల్లో కారు రోడ్డు ఆగిపోయేచోట మాకో చిన్న కిరాణా కొట్టుంది. పైనున్న సంతకి ఉప్పు, సబ్బులు చేర్చాలంటే ఇప్పటికీ గుర్రమే దిక్కు. అందుకే కొండమీది బుద్రమ్మ దగ్గర ఎర్రోడనే గుర్రాన్ని కొన్నాను. ఆమె భర్త దొన్ను ఆ చలికాలమే పోయాడు. రెండు గుర్రాల్ని ఒంటరిగా సాకలేక, దీన్ని మా కొట్టు దగ్గరికి తోలుకొచ్చింది.

గుర్రాలవాళ్ళకి ఒక పద్ధతుంది. పగ్గం చేతికిచ్చే ముందు అమ్మేవాళ్ళు గుర్రం అలవాట్లన్నీ చెబుతారు. కొనేవాళ్ళు నోరు మూసుకుని చివరిదాకా వింటారు. నా నోరేమో మూతపడే రకం కాదు.

"సావుకారమ్మా, కొండెక్కేటప్పుడు ఇది రెండు సోట్ల ఆగుతాది. మొదట..."

"ఏటి బుద్రమ్మా, బస్సుకున్నట్టు దీనికి స్టాపులేటి? ఇటు తే పగ్గం. మా నాన్న ఎడ్లబండి తోలినోడు. నాకు నువ్వు సెప్పాలేటి?"

బుద్రమ్మ నన్నొక్కసారి చూసి, మిగతా మాట మింగేసి, పగ్గం ఇచ్చేసింది.

సంతరోజు పొద్దున్నే బయల్దేరాను. చెయ్యి చాపితే వేళ్ళు కనపడనంత మంచు. ఎర్రోడి తోకా, మెడగంట చప్పుడూ తప్ప లోకంలో ఇంకేమీ లేనట్టుంది. సగం దారిలో ఒక బండరాయి దగ్గర ఎర్రోడు ఆగిపోయాడు. లాగాను, తిట్టాను, బెల్లం చూపించాను. కదల్లేదు.

మెల్లగా ఎడమ భుజం వంచాడు. ఎవరో దిగుతున్నట్టు!

చెవులు రెండూ బండవైపు తిప్పాడు. దిగినవాళ్ళు వెళ్ళి కూర్చున్నట్టు! అంతలో చుట్ట వాసన గుప్పుమంది. (ఆ వాసన నేను కప్పుకున్న మా ఆయన కంబళిది. అప్పుడే తట్టుంటే ఈ కథే లేదు.) ఒక చుట్ట కాలేంతసేపయ్యాక మళ్ళీ భుజం వంచాడు. ఎవరో ఎక్కారు. ఎర్రోడు బరువుగా నడవడం మొదలుపెట్టాడు. నేను పగ్గం కొస పట్టుకుని, వాడి వీపువైపు చూడకుండా నడిచాను.

ఇంకాస్త పైకి వెళ్ళాక ఒక మట్టింటి ముందు ఆగి రెండుసార్లు గట్టిగా చీదాడు. మూసిన తలుపు వెనకనుంచి, నూతిలోంచి వచ్చినట్టు ఒక గొంతు:

"వచ్చావా దొన్నూ? కొండెక్కి అలిసిపోనావు. దిగి కూసో."

అంతే. నేను అరిచిన అరుపు నాకే వినపడలేదు, ఎందుకంటే అప్పటికే దానికంటే ముందు పరిగెడుతున్నాను.

సంతలో బుద్రమ్మ తన రెండో గుర్రాన్ని అమ్మకానికి కట్టుకుని నిలబడింది. అది అమ్ముడైతేనే వానలకి ముందు ఆమె ఇంటికి రేకులు పడతాయి. ఒకాయన దాని గిట్టలు చూసి, కొనడానికి పగ్గం పట్టుకోబోతున్నాడు.

"కొనకండి బాబో! ఈ బుద్రమ్మ దెయ్యం గుర్రాలమ్ముతంది! సచ్చిపోయిన దొన్ను నా గుర్రమెక్కి తిరుగుతన్నాడు!"

పాము పడ్డట్టు జనం చెదిరిపోయారు. ఆయన చేతిని మంట తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు. అదే సమయానికి మంచులోంచి గంట మోగించుకుంటూ ఎర్రోడు ఒంటరిగా, బుద్ధిగా నడిచొచ్చి బుద్రమ్మ భుజం మీద తల పెట్టాడు.

బుద్రమ్మ అరవలేదు. అరిచుంటే బాగుండేది.

"బండకాడ మా ఆయన సుట్ట కాల్సేవాడు. ఆ ఇంట్లో మా ఆడబిడ్డుంది. కళ్ళు కనపడవు. మా ఆయన ఎక్కినప్పుడు దానికో ఉప్పు పొట్లం, దిగినప్పుడు ఒక పలకరింపు. తమ్ముడు పోయాడని దానికింకా సెప్పలేకపోనాను. ఈ రెండు ముక్కలే సెప్పబోయాను సావుకారమ్మా. నువ్వు వినలేదు. ఇప్పుడు నా గుర్రాన్ని ఎవులు కొంటారు?"

ఉల్లిపాయల బస్తా ఎక్కి, ఇందాకటి గొంతుతోనే మొత్తుకున్నాను: "దెయ్యం లేదు బాబూ! వినకుండా పగ్గం లాక్కున్న నాకే బుద్ధి లేదు! బుద్రమ్మా, తప్పయిపోనాది!"

జనం నవ్వడానికి తిరిగొచ్చారు. వెళ్ళిపోబోయిన ఆయన బుద్రమ్మ ముందు గొంతుక్కూర్చుని, ఆ గుర్రం అలవాట్లన్నీ గంటసేపు విని మరీ పగ్గం అందుకున్నాడు. మధ్యమధ్య నావైపు చూస్తూ.

నేను కదలబోతుంటే బుద్రమ్మ దగ్గరికొచ్చింది. "ఈ సలి పోనీ, దొన్ను సంగతి దానికి నానే సెప్తాను. అందాకా..." అని ఆగింది. ఈసారి చివరిదాకా విన్నాను.

దిగేటప్పుడు ఆ గుమ్మంలో పొద్దున బాకీపడ్డ ఉప్పు పొట్లం పెట్టాను. లోపలినుంచి మళ్ళీ అదే గొంతు.

"దొన్నూ, ఎల్తన్నావేటి?"

మా ఆయనలా గొంతు లావు చేసి, "హూఁ" అన్నాను.

"జలుబు సేసిందేటి? జాగర్తరా. పొద్దున నీ ఎనకాల అరుసుకుంటా పరిగెట్టింది సూడు, ఆ ఆడదెయ్యం ఇంకా ఉందా, పోనాదా?"

ఎర్రోడి మెడ పట్టుకుని, ఇంకాస్త లావుగా "హూఁ" అన్నాను.

అందుకే ఎర్రోడి గిట్టల సాక్షిగా చెబుతున్నాను: అమ్మేవాళ్ళ మాట పూర్తయ్యేదాకా ఇక ఏ గుర్రం పగ్గమూ ముట్టను. ఒక్కసారి విననందుకే, చలి పోయేదాకా ప్రతి సంతకీ చచ్చిపోయిన మగాడి గొంతుతో హూఁ కొట్టాల్సి వచ్చింది.