అల్లుడికి ఏలూరు చూపించిన ఆదివారం

మా ఊళ్ళో చూడదగ్గవి ఏమున్నాయని ఎవరడిగినా ముందు మూడు ప్రశ్నలు వేస్తాను. ఏ నెలలో వస్తున్నారు? మెట్లెక్కగలరా? పొద్దున్నే లేస్తారా? మూడోదానికి లేదంటే కొల్లేరు పేరెత్తను. ఎండెక్కాక వెళ్ళి, పిట్టలు లేవని నన్నంటే ఊరుకోను. మెట్లెక్కగలిగితే కామవరపుకోట దగ్గర కొండమీది బౌద్ధ గుహలు. గుడికైతే ద్వారకా తిరుమల, శనివారం తప్ప. ఏ బస్సు ఎన్నింటికో కాగితం మీద రాసిస్తాను. మిషన్ బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు లెక్కలు చెప్పాను, నోటిమాట నాకు సరిపోదు.

2004 జనవరిలో ఒక శుక్రవారం మా చెల్లెలి కూతురు, దాని భర్త వచ్చారు. అతనిది అనంతపురం వైపు. బ్యాంకులో బదిలీ, ఏలూరా, కర్నూలా అన్నది సోమవారం చెప్పాలి. పిల్లకు ఐదో నెల. మా చెల్లెలు పోయింది గనుక పురిటికి నా దగ్గరుండాలని దాని ఆశ. అతను కర్నూలుకే మొగ్గాడు. ఇక్కడివాళ్ళు తన యాస విని నవ్వుతారట.

"ఎల్లుండి ఊరు చూపిస్తాను, చూశాకే చెప్పండి అల్లుడుగారూ" అన్నాను.

"కాగితం రాసేశావా పెద్దమ్మా?" అంది పిల్ల.

"రాసేశాను. ఐదూ ఇరవైకి కాఫీ."

"మా మేనేజరే నయం కదత్తయ్యగారూ" అన్నాడతను.

ఆదివారం చర్చిలో ఆరాధన మానాను. ఆ ఏడాదిలో అదొక్కసారే. ఏడు కాకముందే కొల్లేటి గట్టు మీదున్నాం. గూడబాతులు బారులు తీరి దిగుతున్నాయి. అతను "బాగున్నాయి" అన్నాడు, కాసేపాగి మళ్ళీ "బాగున్నాయి" అన్నాడు. పిల్ల పిట్టల్ని చూడలేదు, అతని మొహమే చూసింది.

తర్వాత పడవలో ఒక లంక ఊరికి, నా పాత విద్యార్థిని ఇంటికి తీసుకెళ్ళాను. రేవులో బురద పిక్కల దాకా ఉంది. ఇంటి గుమ్మం పక్కన నిండు బిందె, పైన చెంబు. మా వైపు గుమ్మంలో నీళ్ళుంటే కాళ్ళకే. నాలుగు చెంబులు నేను పోసుకుని, మూడు పిల్లకు పోశాను.

"ఆగండత్తయ్యగారూ, అవి తాగే నీళ్ళేమో."

"చుట్టూ ఇన్ని నీళ్ళు పెట్టుకుని తాగే నీళ్ళేమిటండీ?"

ఇంతలో ఆ అమ్మాయి బయటికొచ్చింది. "పర్లేదండి టీచరుగారూ, మళ్ళీ తెచ్చుకుంటామండి" అంది. అలా అనగానే నాకు తెలిసింది. చేపల చెరువుల మురుగంతా కలిసే కొల్లేటి నీళ్ళు నోట పోసుకోలేరు. అవతలి ఊరి కుళాయి నుంచి పడవలో తెచ్చుకోవాలి, రానూ పోనూ గంటన్నర. ఆ ఊరు చూడమని ఎందరికో చెప్పాను గాని, ఏ నీళ్ళు తాగుతారని ఒక్కసారీ అడగలేదు.

అల్లుడు ప్యాంటు మడిచి, మిగిలిన నీళ్ళు కుండలో వంపించి, బిందె పట్టుకుని రేవుకు నడిచాడు.

"మీరు కూర్చోండి బాబూ. అల్లుడుగారి చేత నీళ్ళు మోయిస్తే ఊరు నవ్వుద్దండి" అన్నాడు ఆ ఇంటాయన.

"నవ్వనీ అన్నా. మా ఊర్లో రెండు మైళ్ళు మోసినాను."

ఆ ఇంటాయనే పడవ నడిపాడు. గంటన్నర అన్నది రెండుంపావు గంటలు పట్టింది. కాగితంలో తర్వాత రాసిన తివాచీల మగ్గాలు పోయినట్టే. పిల్ల రేవు వదల్లేదు. పడవ కనపడకముందే మాటలు వినపడ్డాయి.

"మీ వైపు బావిలో నీళ్ళు ఎంత లోతున పడతాయండి?"

"పడితే కదన్నా చెప్పేది!"

ఇద్దరూ నవ్వుతున్నారు. అతను బిందె భుజాన పెట్టుకుని, ఆ బురదలో చుక్క ఒలకకుండా గుమ్మం దాకా వచ్చాడు.

తిరుగు దారిలో ఆటో ఊరు చేరబోతుండగా అన్నాడు: "రెండు గంటలు నా మాటే విన్నాడత్తయ్యగారూ ఆ అన్న. ఇంకా చెప్పమన్నాడు. ఏలూరే రాస్తాను."

పిల్ల అతని ప్యాంటుకు ఎండిన బురద గోటితో గీకుతూ కూర్చుంది.

ఇప్పటికీ ఆ లంకకు వెళ్ళమనే చెబుతాను, తాగే నీళ్ళు మీరే పట్టుకెళ్ళండని కాగితంలో రాసి మరీ.

అతను ఏలూరు రాసిచ్చిన వారంలోనే ఊరి పక్క వట్లూరులో ఒక ఇల్లు చూశాం. కుళాయి ఎంతసేపు వస్తుందని అతను అడిగితే, ఇంటావిడ "ఎప్పుడూ వస్తానే ఉంటుందండి" అంది. మర్నాడు ఆరింటికి నేనే వెళ్ళి, గడియారం చూస్తూ నిలబడ్డాను. యాభై నిమిషాలు వచ్చింది. ముగ్గురికి చాలునని చెప్పాను.