డాక్టరమ్మ ఛుట్టీకి వెళ్ళిన నెల

డాక్టరమ్మ చచ్చిపోయిందన్న కబురు నాకు మొదట తెచ్చింది మా ఇంటి డ్రైవరు. తమ్ముడూ అని పిలిచేదాన్ని. కడప జిల్లావాడు. తొంభైల మధ్యలో, అరబ్బు దేశంలో, ముఐథర్ అనే పేటలో ఒకే ఇంట్లో పనిచేసేవాళ్ళం, అతను బండి మీద, నేను వంటింట్లో. ఆ సాయంత్రం నేను బియ్యం కడుగుతుంటే వెనక తలుపులోంచి తల లోపలికి పెట్టి, "అక్కా, మీ డాక్టరమ్మ సచ్చిపాయె!" అన్నాడు.

చేతిలో గిన్నె వదిలేశాను. "ఎవరూ, మన మామా కంటికి ఆపరేషన్ చేసినావిడా?"

"ఆయమ్మ గాదులేక్కా. టీవీలో ఆయమ్మ. కారు బోల్తా పడె. మగోళ్ళ గదిలో టీవీలో సూస్తి. పూలేసి పూడ్చిరి గూడా."

ఇంకా నయమనుకున్నాను. అనుకుని, అర నిమిషంలోనే నయం కాదని తెలిసి అక్కడే పీట మీద కూలబడ్డాను.

మామా అంటే మా ఇంటి పెద్దావిడ. అక్కడ యజమానురాలిని అందరం అలాగే పిలుస్తాం. ఆ అమెరికా సీరియల్ అంటే ఆవిడకి ప్రాణం. అందులో పెద్దాసుపత్రి డాక్టరుగా వేసే ఆమెని మా ఇంట్లో డాక్టరమ్మ అనేవాళ్ళం. అడుగున వచ్చే అరబ్బీ అక్షరాలు మామా చదివి, నాకు వచ్చిన కాస్త అరబ్బీలో, చేతులు తిప్పుతూ కథ చెప్పేది. రెండేళ్ళు అలా చెప్పింది. పనిమనిషిని పక్కన కూర్చోబెట్టుకుని కథ చెప్పే యజమానురాలు ఎంతమందికి దొరుకుతుంది! అందుకు ఇప్పటికీ దేవుడికి స్తోత్రం చెప్పుకుంటాను.

ఆ వారమే మామా కంటికి శుక్లం తీశారు. ఆ కంటికి కట్టు. రెండో కంటికి ముందునుంచీ పొగమంచే. డాక్టరు నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పింది: నెల రోజులు వంగకూడదు, బరువెత్తకూడదు, అన్నిటికంటే ముఖ్యం, ఏడవకూడదు. కుట్లు కదిలితే కన్ను దక్కదు. మామా సంగతి నాకు తెలుసు. డాక్టరమ్మ నిశ్చితార్థం చెడినప్పుడు మూడు రోజులు ఏడ్చిన మనిషి. ఇప్పుడు చావంటే?

"యల్లా బింతీ, టీవీ పెట్టు," అంది మామా. యల్లా అంటే కానీ అని, బింతీ అంటే నా కూతురా అని. "ఇన్నాళ్ళూ నేను చదివి చెప్పాను. ఇప్పుడు నువ్వు చూసి చెప్పు."

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. మా నాన్న మగ్గం నేస్తూ పక్కన పలక పెట్టి తెలుగూ, కొంచెం ఇంగ్లీషూ నేర్పాడు. ముందర పెడితే కూడబలుక్కుని చదువుతాను గానీ, అమెరికావాళ్ళు గబగబా మాట్లాడితే ఏం తెలుస్తుంది? పైగా అబద్ధం ఆడి ఎరగను. ప్రభువా, నా నోటికి తాళమైనా వెయ్యి, లేదా మంచి అబద్ధమైనా ఇయ్యి అని మొక్కుకుని టీవీ పెట్టాను.

తమ్ముడు చూసిన భాగమే రాత్రికి మళ్ళీ వేస్తున్నారు. సమాధి చుట్టూ నిలబడి అందరూ ఒకటే ఏడుపు.

"ఏడుస్తున్నారేం?" అంది మామా ఉలిక్కిపడి.

"పెళ్ళి మామా. పిల్లని పంపిస్తున్నారు."

"ఎవరి పిల్ల?"

"ఆ లావుపాటి నర్సు కూతురు."

"మంచి మాట. డాక్టరమ్మ గొంతు వినబడదేం?"

"ఆపరేషన్‌లో ఉంది మామా. మూతికి గుడ్డ కట్టుకుంది."

ఆ ఆపరేషన్ నాలుగు రోజులు చేయించాను. నాలుగో రోజు మామాకి విసుగొచ్చింది. "నా కంటికి అరగంట పట్టింది. ఇదేం ఆపరేషన్?"

"గుండె మామా."

"రోగి బతికే ఉన్నాడా పాపం? డాక్టరమ్మ అన్నం తిందా?"

ఇక లాభం లేదని అయిదో రోజు డాక్టరమ్మని ఛుట్టీకి పంపేశాను. మాకు రెండేళ్ళకోసారి ఇంటికి వెళ్ళడానికి ఇచ్చే సెలవుని ఛుట్టీ అంటాం. నాకు తెలిసిన ప్రయాణం అదొక్కటే. అమ్మని చూడ్డానికి వెళ్తోందన్నాను. డాక్టరమ్మ ఎంత ఒంటరిగా ఉందో, అట్టపెట్టె నిండా పాలపొడి డబ్బాలు, మెత్తటి దుప్పటి, తలనొప్పి మందు సర్దుకుని ప్లాస్టిక్ తాడుతో ఎలా కట్టుకుందో చెప్పాను. పెట్టెకి నాలుగు వైపులా పేరు రాసుకుందన్నాను.

"ఎగ్జిట్ పర్మిట్ ఎవరిచ్చారు?" అంది మామా.

"ఆసుపత్రి కఫీల్ సంతకం పెట్టాడు."

"అమెరికాలో కూడా కఫీల్ ఉంటాడా?"

"ఉండకుండా ఎలా ఉంటాడు మామా!" అన్నాను ఆశ్చర్యపోయి. ఆ ఒక్క మాట మాత్రం అబద్ధం కాదు. కఫీల్ అంటే యజమాని. ఆయన సంతకం లేకుండా మనిషి విమానమెక్కే దేశం ఒకటి ఉంటుందని నాకు నిజంగా తెలియదు.

మామాకి అనుమానం వచ్చి డ్రైవరు తమ్ముణ్ణి కేకేసింది. "నువ్వూ చూశావా? డాక్టరమ్మ విమానమెక్కిందా?"

వాడు నా వంక చూశాడు. నేను చేతులు జోడించాను.

"సూడకేం మామా! సామాను తూకం ఎక్కువైందని రెండు డబ్బాలు తీయించినారు. ఆయమ్మకి యమా కోపం వచ్చె."

నవ్వాపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పరిగెత్తాను. తమ్ముడు వెనకే వచ్చి, "నీ పుణ్యాన నేనూ నరకానికే అక్కా," అన్నాడు.

కానీ ఆ రోజునుంచి మామాకి కొత్త దిగులు పట్టుకుంది. "ఛుట్టీ అని వెళ్ళి మరి రారు. నీకంటే ముందు పనిచేసినదీ అంతే," అని నా చెయ్యి పట్టుకుంది. "వస్తుందంటావా?"

"వస్తుంది మామా."

"ఒట్టు?"

ఒట్టు పెట్టడం నాకు అలవాటు లేదు. "ప్రార్థన చేస్తాను," అన్నాను. మామా మంచం మీద కూర్చునే తన నమాజులో ఆమె కోసం అడిగేది. నేను బియ్యం డబ్బాల పక్కన మోకరించి అడిగేదాన్ని. పూలేసి పూడ్చినామె తిరిగి రావాలని రెండు మతాలవాళ్ళం నెలంతా ఒకే కోరిక కోరుకున్నాం.

కట్టు విప్పే రోజు వచ్చింది. మామాని లోపలికి తీసుకెళ్ళారు. బయట బెంచీ మీద పాత ఇంగ్లీషు పత్రిక ఒకటి పడి ఉంది. తిప్పితే డాక్టరమ్మ ఫోటో! వేలు పెట్టి ఒక్కో మాటే కూడబలుక్కున్నాను. ఎక్కడో పొలాల మధ్య చిన్న ఊళ్ళో పుట్టిందట. చిన్నప్పుడు జబ్బు చేసి కాళ్ళు నిలవకపోతే, వాళ్ళమ్మే ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పిందట. నాలాగే! పెద్ద ఊరికి వచ్చి లాండ్రీలో బట్టలు ఇస్త్రీ చేసిందట. మొదటిసారి టీవీలో కనబడ్డవి ఆమె చేతులే, సబ్బుపొడి ప్రకటనలో. తర్వాత ఒకే ఒక్క మాట ఉన్న నర్సు వేషం. అలా అలా ఎన్నో ఏళ్ళకి డాక్టరయింది. ఇప్పుడు మంచాన పడిన అమ్మని చూసుకోవడానికి సీరియల్ మానేసింది. అందుకే ఆ కథలో కారు బోల్తా కొట్టించారు.

బతికే ఉంది! అమ్మ దగ్గరికే వెళ్ళింది! నేను అల్లిన అబద్ధంలో దేవుడు ముందే నిజం పెట్టి ఉంచాడు. "స్తోత్రం!" అని ఎంత గట్టిగా అరిచానంటే, నర్సు వచ్చి నా నోటి మీద వేలు పెట్టింది.

మామా నల్లటి పెద్ద అద్దాలు పెట్టుకుని బయటికొచ్చింది. "ఇంకో వారం ఏడుపు మాఫీ," అంది డాక్టరు. మాఫీ అంటే వద్దే వద్దని.

సాయంత్రం మామా టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. ఆ సీరియల్ అయిపోయి, దాని చోట ఏదో పాతది మొదలైందని తమ్ముడు అప్పటికే చెప్పాడు. తెర మీద ఆసుపత్రి వచ్చింది. తలుపు తోసుకుని, చేతిలో మందుల ట్రేతో ఒక సన్నటి నర్సు పిల్ల వచ్చింది. ఏదో ఒక్క మాట అంది. వెళ్ళిపోయింది.

అదే ముక్కు. అదే గొంతు. ఇరవై ఏళ్ళ డాక్టరమ్మ!

"మాషాఅల్లా!" అని మామా రెండు చేతులూ ఎత్తింది. "వచ్చేసింది! చూశావా ఎలా నిగనిగలాడుతోందో! నెల రోజులు తల్లి చేతి తిండి తినేసరికి ఇరవై ఏళ్ళు తగ్గిపోయింది!"

నాకు నవ్వాగలేదు. నవ్వుతూ కింద కూర్చుండిపోయి, మొదట్నుంచీ అంతా చెప్పేశాను: కారు, సమాధి, నర్సు కూతురి పెళ్ళి, తాడు కట్టిన పెట్టె, పత్రికలో చదివినది. నా పని అయిపోయిందనుకున్నాను. ఉన్నట్టుండి ఆవిడ భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. అద్దాల కిందనుంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి.

"మామా, ఏడవకు! కుట్లు! కన్ను పోతుంది!" అని నేను కొంగు పట్టుకుని మీద పడ్డాను.

"ఏడుపా పిచ్చిదానా! సమాధి దగ్గర పెళ్ళి చేశావు కదే!" అంది ఊపిరాడక. అంటూనే మళ్ళీ మొదలు. "తూకం... రెండు డబ్బాలు..."

మర్నాడు డాక్టరు చూసి కన్ను నిక్షేపంలా ఉందంది. ఏడవలేదు కదా అని అడిగింది. లేదు, నవ్వింది అన్నాను. నెల రోజుల్లో దిగులు లేకుండా చెప్పిన మొదటి మాట అది.

ఆ డాక్టరమ్మ అసలు పేరు పత్రికలో చదివాను గానీ నోరు తిరగలేదు, గుర్తూ నిలవలేదు. ఎక్కడో మా మామా కన్ను ఒకటి నిలబడిందని ఆమెకి తెలియదు. మీరు ఏ దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్ళయినా, ఈసారి పెట్టుకునేటప్పుడు ట్రే పట్టుకుని వచ్చి ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయిన ఆ నర్సు పిల్లని కూడా ఒకసారి తలుచుకోండి.